ఎక్కిళ్ళ కారుతో బాన్సువాడకి

ఏలూరు దాటేసరికి

నా పాత తెల్ల కారుకి ఒక దుర్గుణం ఉండేది. ఊళ్ళో తిప్పినంతసేపూ మహా బుద్ధిగా ఉండేది. ఊరి పొలిమేర దాటిందంటే చాలు, ఎక్కిళ్ళు మొదలు. నాలుగు సిలిండర్లూ కలిసి లాగాల్సిన బండి ఒకటి పని మానేసినట్టు కుదుపులతో గునుస్తూ నడిచేది. కాసేపటికి దానంతటదే సర్దుకునేది. మెకానిక్కులు దీన్ని ‘మిస్సింగ్’ అంటారు. ఎప్పుడొస్తుందో తెలీదు, ఎందుకు పోతుందో తెలీదు. షెడ్డుకి తీసుకెళ్తే మాత్రం ఏమీ ఎరగనట్టు నిలబడేది.

“దూరం వెళ్తేనే వస్తోందంటున్నారు కదండీ, అయితే దూరం వెళ్ళకండి” అన్నాడు మా ఏలూరు మెకానిక్కు, మొహంలో నవ్వన్నది లేకుండా. నాకు ఒళ్ళు మండిపోయింది. నేను టైలరింగు షాపు నడిపేదాన్ని. జాకెట్టు చంకలో పట్టేస్తోందని వచ్చినావిడతో చెయ్యెత్తకండి అని చెబితే నా షాపుకి ఎవరొస్తారు?

ఈసారి దూరం వెళ్ళక తప్పలేదు. మా చెల్లెలు శాంత కాపురం బాన్సువాడ దగ్గర. కాలవ నీళ్ళు చూసుకుని మా కోస్తా నుంచి వెళ్ళి వరి పండిస్తున్న కుటుంబాల ఊళ్ళని అక్కడ క్యాంపులంటారు. శాంత వాళ్ళ క్యాంపు పక్కనే ఉండే గంగమణికి నా కారు ఇవ్వడానికి మాట అయింది. గంగమణి చిన్నప్పటి నుంచీ బీడీలు చుట్టింది. పొగాకు దుమ్ముకి దగ్గు పట్టుకుని, ఇంక ఆ బీడీల చాట ఒళ్ళో పెట్టుకోవద్దని దవాఖానలో గట్టిగా చెప్పారట. శాంత వాళ్ళ ట్రాక్టరు మీద బండి నడపడం నేర్చుకుంది. క్యాంపు పిల్లల్ని బాన్సువాడ బడికి దింపి తీసుకొచ్చే పని ఇవ్వడానికి తల్లులు ఒప్పుకున్నారు, కానీ ఒక షరతు మీద. సోమవారం పొద్దున వాళ్ళే కారెక్కి బాన్సువాడ వెళ్ళి వస్తారు. దారిలో బండి ఒక్కసారి మొరాయించినా పిల్లల్ని పాత ఆటోలోనే పంపుకుంటారు.

“అక్కా, నీ కారు మంచిదే కదా?” అని శాంత ఫోనులో అడిగింది. “మంచిదే” అన్నాను. తర్వాత మనసాగక మిస్సింగ్ సంగతి కూడా చెప్పేశాను. “ఇక్కడ మంచి మెకానిక్కున్నాడు, నాలుగు రోజులు ముందు రా” అంది.

బయల్దేరే రోజున మా అత్తయ్య పళ్ళెంలో కొబ్బరికాయ, పసుపు, కుంకుమ పట్టుకుని తయారు. ఆవిడ పద్ధతి ఆవిడది. కాయ చక్రం ముందు కొట్టి ఊరుకోదు, బానెట్ తెరిపిస్తుంది.

“నడిపించేది ఇంజను కదే! దండం దానికి పెట్టకుండా మూతకి పెడతారా ఎవరైనా?” అంటుంది. కాయ కొట్టి, చిప్పల్లో నీళ్ళు ఇంజను మీద ధారగా వదిలి, కళ్ళకద్దుకుంది. ఆవిడ అంత శ్రద్ధగా దండం పెడుతుంటే నాకూ ధైర్యంగానే ఉంటుంది. నిజం చెప్పాలంటే నాకు ఆ ధైర్యం చాలా అవసరం.

హనుమాన్ జంక్షన్ రాకముందే ఎక్కిళ్ళు మొదలయ్యాయి. బెజవాడ దాకా ఏడిపించి, ఆ తర్వాత హైదరాబాదు వరకూ కిక్కురుమనలేదు. ఆ రాత్రికి స్నేహితురాలి ఇంట్లో ఉన్నాను. మర్నాడు చూస్తే బానెట్ మీద చీమల బారు! వెనక సీట్లో శాంత కోసం తెచ్చిన పూతరేకుల డబ్బా ఉంది. చీమలకి పూతరేకుల వాసన ఏలూరు నుంచే తగిలిందనుకుని, డబ్బాని ఇంకో రెండు కవర్లలో చుట్టాను.

మెదక్ దారిలో ‘ఎవరు తప్పిపోయిన్రు?’

నర్సాపూర్ అడవి దాటాక రోడ్డు పక్కన చిన్న అమ్మవారి గుడి కనిపించింది. నిన్నటి మిస్సింగ్ భయం ఇంకా పోలేదు. ఫోనులో అత్తయ్య వదిలిపెట్టలేదు: “కాయ కొట్టించు. మూత మీద కాదు, ఇంజనుకి.” పూజారిగారు బండి చుట్టూ తిరిగి, నిమ్మకాయ కట్టి, నేను అడిగినట్టే బానెట్ లోపల కొబ్బరినీళ్ళు చల్లారు. మా వైపు గుళ్ళో కొబ్బరిచిప్ప ఒకటి ఇచ్చి ఒకటి ఉంచుకుంటారు. ఈయన రెండు చిప్పలూ నా చేతిలో పెట్టి, “దూరం పోయేటోళ్ళు, తినుకుంట పోండ్రి” అన్నారు. ఆ మాట నాకు బాగా నచ్చింది.

ఇంకా చిప్ప పూర్తిగా నమలనైనా లేదు, కారు మళ్ళీ గునిసింది. పక్కనే టీ కొట్టు కనిపిస్తే ఆపేశాను. ఎండలో నిలబడి శాంతకి ఫోను చేశాను. గొంతు ఎంత పెద్దదయిందో నాకే తెలియలేదు.

“శాంతా, మిస్సింగ్! మళ్ళీ మిస్సింగే! నిన్న బెజవాడ దగ్గర పోయిందనుకున్నానా, ఇప్పుడు మళ్ళీ! ఏం చెయ్యను నేను?”

ఫోను పెట్టేసరికి టీ కొట్టు ఆవిడ గరిటె పట్టుకుని నా పక్కనే నిలబడి ఉంది. బెంచీ మీద కూర్చున్న ఇద్దరు ముసలాళ్ళు కూడా లేచి వచ్చేశారు.

“ఎవరు తప్పిపోయిన్రు బిడ్డా? పోరడా, పోరియా? ఏం రంగు బట్టలేసుకున్నరు?”

“తప్పిపోవడం కాదమ్మా, కారు...”

“కారు తప్పిపోయిందా? గిదేంది మరి?” అని నా వెనక ఉన్న కారుని చూపించింది.

విషయం అర్థమయ్యాక ఆవిడ నవ్విన నవ్వుకి టీ పొంగి పొయ్యి ఆరిపోయింది. “ఇగ ఫికర్ చెయ్యకు తల్లీ, పిల్లలు పోయిన్రనుకొని నా పానం వోయింది” అని మళ్ళీ కొత్తగా టీ పెట్టి ఇచ్చింది. డబ్బులిస్తే పుచ్చుకోనంది. మా ఏలూరులో అయితే ఇలాంటి గోలకి జనం చుట్టూ మూగుతారు, సలహాలిస్తారు, కానీ టీ మాత్రం ఊరికే ఇవ్వరు. ఇది నా ఊరి మీద నేను చేస్తున్న ఫిర్యాదే అనుకోండి.

నిజాంసాగర్ కట్ట మీద

ఎల్లారెడ్డి దాటాక కారు మళ్ళీ మామూలయింది. నిజాంసాగర్ దగ్గర ఆగాను. మా గోదావరి చూసిన కళ్ళకి మంజీర నీళ్ళు గొప్పగా కనిపించవేమో అనుకున్నాను. కట్ట మీద నిలబడ్డాక ఆ మాట వెనక్కి తీసుకున్నాను. నీళ్ళు ఒక పక్క, రెండో పక్క కనుచూపు మేర పచ్చటి మళ్ళు.

కింద ఒకామె చేపముక్కలు వేయించి జొన్నరొట్టెతో పెడుతోంది. మా వైపు చేప అంటే పులుసు, పక్కన అన్నం. రొట్టెతో చేప ఏమిటా అనుకుంటూనే రెండో రొట్టె అడిగాను. “కారం జాస్తి అయిందా అక్కా?” అంది నా కళ్ళల్లో నీళ్ళు చూసి. గుంటూరు కారం తిన్న నోటికి కారమేమిటని బింకంగా తల అడ్డంగా ఊపాను. అబ్బో, కారం నషాళానికి అంటింది.

క్యాంపు ముంగిట

సాయంత్రానికి క్యాంపు చేరాను. శాంత కంటే ముందు గంగమణి పరుగెత్తుకొచ్చింది. సన్నగా, పొడుగ్గా ఉంటుంది. మాట్లాడుతూ మాట్లాడుతూ మధ్యలో ఆగి దగ్గుతుంది. కారు చుట్టూ తిరిగి, తలుపు మీద చెయ్యి పెట్టి, మళ్ళీ తీసేసి కొంగుతో తుడిచింది. స్టీరింగ్ ముందు కూర్చోమంటే కూర్చుంది. ఆలోచిస్తున్నప్పుడు ఆమె వేళ్ళు వాటంతటవే గాల్లో ఆకు చుట్టేస్తాయి. స్టీరింగ్ మీద కూడా అలాగే చుట్టుకుంటున్నాయి.

“అక్కా, నిజంగనే నాకిస్తున్నవా?”

“నీకే. ముందు దీని ఎక్కిళ్ళు కుదరాలి.”

“కుదుర్తయి అక్కా. కుదరకుంటే నేను మల్ల చాట ముందట కూసోవాలె. దాని కన్న బండి నూకుకుంట పోవుడు నయ్యం.”

నవ్వుతూనే అంది.

ఆమె అత్త నర్సవ్వ ఇంకా ఒక అడుగు ముందుంది. క్యాంపులో అందరూ ‘అవ్వ’ అనే పిలుస్తారు. కోడలు బీడీలు మానెయ్యాలని ఇంట్లో మొగవాళ్ళతో పోట్లాడింది ఈవిడేనట. “నా దగ్గు నాకు చాలు, దానికి గూడెందుకు?” అని అందట. అవ్వ కూడా బీడీలు చుట్టే పెరిగిన మనిషి. కారు వస్తుందని పొద్దున్నుంచీ కొబ్బరికాయ తెచ్చి పెట్టుకుంది. మా ఇంట్లో అయితే పెరట్లో రాలిపడే కాయే అది. ఇక్కడ సంతలో కొనుక్కోవాలి. దాని ధర విని నేను నోరు తెరిచాను.

అవ్వ బానెట్ తెరవమంది. “మనసు లోపట ఉంటది బిడ్డా, బండికి గూడ గంతే.” మా అత్తయ్యా ఈవిడా ఒకళ్ళనొకళ్ళు జన్మలో చూసుకోలేదు. అయినా ఒకే మాట! కొబ్బరినీళ్ళు ఇంజను మీద పోసింది. దిష్టి తీసిన పసుపునీళ్ళు కూడా కొంచెం చిలకరించింది. శాంత మాత్రం బానెట్ మీది చీమల్ని చూసి, “ఏలూరు నుంచి చీమల్ని కూడా తెచ్చావేంటక్కా?” అంది. పూతరేకులు తీసి చేతిలో పెట్టాను.

బాన్సువాడలో లింబాద్రి వైద్యం

మర్నాడు పొద్దున గంగమణి తాళం తిప్పీ తిప్పగానే కారు గజగజా వణికింది. నేను ఊహించినదే అయినా ప్రాణం ఉసూరుమంది. అలాగే కుదుపుకుంటూ బాన్సువాడ బయల్దేరాం. చెరకు ట్రాక్టర్ల వెనక, ఆటోల మధ్య, మోటారు సైకిళ్ళ హారన్లు వింటూ షెడ్డు చేరేసరికి, ఎప్పటిలాగే ఎక్కిళ్ళు మాయం.

శాంత చెప్పిన మెకానిక్కు లింబాద్రి లావుపాటి మనిషి. ముక్కు మీద నూనె మరక, నోట్లో ఎప్పుడూ మాట. కారుని వినడానికి ముందు తన గురించి వినిపిస్తాడు.

“ఏడుంది అక్కా మిస్సింగ్? మంచిగ గుయ్యిమంటుంది. నా మొకం చూసి సక్కగయిందేమో.”

“ఇంటి దగ్గర ఉందయ్యా! నీ దగ్గరికొచ్చేసరికి నటిస్తుంది.”

“పెట్రోల్ల కచ్రా ఉన్నట్టున్నది. పాత బండి గద, టాంకి అడుగుకు తుప్పుంటది. సాఫ్ జేస్తె ఖతం.”

ఫిల్టరు మార్చాడు. పెట్రోలు వచ్చే గొట్టాలు ఊదాడు. కారు చక్కగా ఇల్లు చేరింది. గంగమణి ముఖం వెలిగిపోయింది. అవ్వ సంతోషం పట్టలేక, “చూసినవా, నిన్నటి కొబ్బరికాయ ఫలితం!” అంది. దేవుడికి బాకీ ఉండకూడదని ఇంకో కాయ కొట్టింది. మళ్ళీ బానెట్ తెరవడం, మళ్ళీ నీళ్ళు. అందరం కళ్ళకద్దుకున్నాం.

బిచ్కుంద సంతలో

శనివారం బిచ్కుంద వెళ్దామంది శాంత. తెల్లవారగానే కారు తీస్తే, ఏం చెప్పమంటారు, నిన్నటి కంటే ఘోరంగా కొట్టుకుంది. క్యాంపు దాటి కాలవ గట్టు దాకా దాదాపు ఈడ్చుకెళ్ళినట్టే వెళ్ళాం. గంగమణి పెదవులు బిగించి గేర్లు మారుస్తోంది. “దిగు, నేను నడపనా?” అంటే తల అడ్డంగా ఊపింది.

బిచ్కుంద సంత మాత్రం నా చిరాకు కొంత తగ్గించింది. ఊళ్ళ నుంచి వచ్చిన పప్పులూ మిరపకాయలూ గోనెల మీద పోసి ఉన్నాయి. సగం బేరాలు తెలుగులో, సగం మరాఠీలో. ఒక ముసలామె జొన్నరొట్టె మీద పచ్చిమిర్చి నూరిన ముద్ద పెట్టి ఇస్తూ నాతో మరాఠీలో ఏదో అంది. నేను ఏలూరు తెలుగులో జవాబిచ్చాను. ఇద్దరం తలలూపుకున్నాం. రొట్టె రుచికి అడ్డేమీ రాలేదు.

అవ్వ చెప్పి పంపింది: “కొబ్బరికాయలు మంచియి చూసి తేండ్రి, నీళ్ళు గుడగుడ అనాలె.” చెవి దగ్గర ఊపి ఊపి, నీళ్ళు బాగా ఉన్నవే ఏరి తీసుకున్నాం. ఇప్పుడు తల్చుకుంటే నా తల నేనే కొట్టుకోవాలనిపిస్తుంది.

తిరుగు దారిలో లింబాద్రి దగ్గరికి వెళ్ళాం. ఈసారి ప్లగ్గులు విప్పాడు. మూడో దాని చుట్టూ పసుప్పచ్చని మరక. గోటితో గీకి, “తుప్పు” అన్నాడు. గుడ్డతో పైపైన తుడిచి, కొత్త ప్లగ్గులు వేశాడు. వేస్తూ వేస్తూ చీమ కుట్టి చెయ్యి విదిలించాడు. “గీ చీమలేంది అక్కా?” “పూతరేకులయ్యా” అన్నాను, ఇంకా పూతరేకుల మీదే నెపం వేస్తూ.

“అక్కా, గీ రాత్రికి బండి నా కాడ ఉంచుండ్రి. తెల్లారి నేనే స్టార్ట్ జేస్త. ఏం దొంగతనం జేస్తుందో చూస్త.”

ఆదివారం ఆటోలో వెళ్ళాం. లింబాద్రి మా ముందే తాళం తిప్పాడు. పొద్దుటి చలిలో, చల్లటి ఇంజను. ఒక్క ఎక్కిలి లేదు! గంగమణి చప్పట్లు కొట్టింది. నాకు మాత్రం అనుమానం తీరలేదు. మొన్న కూడా ఇలాగే నవ్వుకుంటూ ఇంటికెళ్ళాం కదా.

“నా కాడ మంచిగనే ఉన్నది. మీ ఇంటి కాడ్నే మిస్సింగ్ కొడ్తుందంటే ఇగ నేనేం జేయాలె? మీ వాకిట్ల ఏమన్న ఉన్నదేమో చూసుకోండ్రి” అన్నాడు.

కారుతో ఇల్లు చేరాక ఆ మాట అవ్వకి చేరవెయ్యకుండా ఉండాల్సింది. శాంత నోట్లో నువ్వుగింజ నానదు.

“నేననలే? వాకిట్ల దిష్టి! ఇయ్యాల రెండు కాయలు కొడ్త” అని అవ్వ చీర కుచ్చిళ్ళు దోపుకుంది.

పురుడు

అవ్వ కాయకి పసుపు రాస్తూ ఉండగా ఫోను వచ్చింది. వాళ్ళ పాలోళ్ళలో, అంటే ఒకే ఇంటిపేరున్న దాయాదుల్లో, ఒక కోడలికి మగపిల్లాడు పుట్టాడు. అవ్వ ఫోనులోనే దీవెనలు కురిపించింది. పెట్టేశాక చేతిలోని కాయని చూసి ఠక్కున కింద పెట్టేసింది.

“పురుడు వచ్చె బిడ్డా. ఇగ నేను కాయ ముట్టొద్దు. పురుడు ఎల్లేదాంక దేవుని పని లేదు.”

పుట్టినందుకు సంతోషం, కాయ కొట్టలేకపోయినందుకు దిగులు. రెండూ ఒకే మొహంలో చూడటం అదే మొదటిసారి. రేపే తల్లులొచ్చే రోజు. ఇంట్లో గంగమణికీ పురుడే, కాబట్టి ఆమె కూడా కొట్టకూడదు. మా వైపు కూడా పురుడు పాటిస్తారు గానీ, ఇంత దూరపు దాయాదికి ఇంత నిష్ఠ నేను చూడలేదు. అవ్వ ఆ రోజు అన్నం కూడా సరిగ్గా తినలేదు.

సోమవారం పొద్దున

తల్లులు చెప్పిన వేళకి ముందే వచ్చేశారు. ముగ్గురు ఆడవాళ్ళు, వాళ్ళ వెనక పలకల సంచులతో పిల్లలు. వాళ్ళలో పెద్దావిడ నిష్కర్షగా చెప్పింది. ఆవిడ మాటలో కోస్తా యాసా ఇక్కడి యాసా కలిసిపోయి ఉంటుంది.

“గంగమణీ, నువ్వంటే నాకు పానం. కానీ పిల్లలతోటి రోడ్డు మీద ఆగిపోతే నేనొప్పుకోనమ్మా. ఈ కారు గురించి ఇప్పటికే ఊరంతా చెప్పుకుంటున్నారు.”

గంగమణి వేళ్ళు గాల్లో ఆకు చుట్టేస్తున్నాయి. తాళం తిప్పింది. కారు మెత్తగా, సన్నగా పలికింది. వణుకు లేదు. ఎక్కిలి లేదు. మేమిద్దరం ఒకళ్ళనొకళ్ళు చూసుకున్నాం.

అప్పుడు అవ్వ నన్ను పక్కకి లాగింది. చేత్తో ముట్టకుండా, చాటలో పెట్టిన కొబ్బరికాయని నా వైపు జరిపింది.

“మాకు పురుడుంది గని నీకు లేదు గద. నువ్వు కొట్టు బిడ్డా. ఇంజనుకు తగిలేటట్టు మంచిగ పొయ్యి. నా కోడలి బతుకు గిది.”

ఆ గొంతు విని కాదనే మనిషి ఉండడు. గంగమణి ఇంజను ఆపింది. బానెట్ ఎత్తాను. కాయ పైకి లేపాను. కింద చీమలు. ఎప్పుడూ ఉండే చీమలే. బారుగా వచ్చి, మూడో ప్లగ్గు మీది రబ్బరు టోపీ అంచు దగ్గర దూరి, లోపలికి దిగిపోతున్నాయి. పూతరేకులు మొన్ననే అయిపోయాయి కదా! మరి ఇవెందుకున్నట్టు?

కాయ కింద పెట్టి, గుడ్డతో పట్టుకుని ఆ టోపీ లాగాను. ప్లగ్గు కూర్చునే గుంట చుట్టూ పసుప్పచ్చటి జిగురు. వాసన చూశాను. పులిసిన కొబ్బరి.

“గంగమణీ, ఇలా రా.”

ఆమె వంగి వాసన చూసింది. తర్వాత వేళ్ళ మీద ఏదో లెక్కపెట్టుకుంటున్నట్టు మెల్లగా అంది: “అక్కా, నిన్న కొట్టలే. ఇయ్యాల మంచిగున్నది. లింబాద్రన్న కాడ కొట్టలే, ఆడ గూడ మంచిగున్నది. కొట్టిన ప్రతిసారి...”

నాకు ఒక్కసారిగా అంతా కళ్ళ ముందు గిర్రున తిరిగింది. ఏలూరులో ఊళ్ళో తిరిగితే మిస్సింగ్ లేదు, ఎందుకంటే ఊళ్ళో తిరగడానికి ఎవరూ కాయ కొట్టరు. ఊరు దాటే ప్రతిసారీ అత్తయ్య కొట్టింది. అమ్మవారి గుడి దగ్గర నేనే పోయించాను. నీళ్ళు ఆ గుంటలో నిలిచి నిప్పురవ్వని దారి మళ్ళించేవి. ఇంజను కాగి నీళ్ళు ఆవిరయ్యాక కారు దారికొచ్చేది. బాగైందని సంతోషపడి మేము మళ్ళీ పోసేవాళ్ళం! ఇంతమందిమి, ఇంత ప్రేమగా, దాన్ని ముంచుతూ వచ్చాం.

నవ్వొచ్చింది. వెంటనే అవ్వని చూసి నవ్వు ఆగిపోయింది. ఆవిడ చాట పట్టుకుని అలాగే నిలబడి ఉంది. మా ఇద్దరి మొహాలూ మార్చి మార్చి చూస్తోంది.

“ఏందే? ఏమైంది?”

గంగమణి అత్త దగ్గరికి వెళ్ళింది. అంతమంది ముందు ఎలా చెబుతుందా అనుకున్నాను. దాచలేదు, గొంతు తగ్గించలేదు.

“అత్తా, బండికి ఏ బీమారీ లేదు. మనం పోసిన నీళ్ళే లోపట నిలుస్తున్నయి. గందుకే మిస్సింగ్.”

అవ్వ మొహం వాడిపోయింది. చాట కింద పెట్టి, కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది. “నా చేతుల్తోని నేనే చెడగొట్టిన్నా?”

“నువ్వొక్కదానివే కాదవ్వా. ఏలూరులో మా అత్తయ్య పోసింది. దారిలో నేను పోయించాను. నువ్వు మా తర్వాతే” అన్నాను.

అవ్వ ఒక క్షణం నన్ను చూసింది. “మీ అత్త గూడ లోపట్నే పోస్తదా?”

“లోపలే. మూతకి దండం పెడతారా అంటుంది.”

అవ్వకి ముందు చిరునవ్వు వచ్చింది, తర్వాత పక్కున నవ్వేసింది. “మంచి మనిషే ఉన్నట్టున్నది మీ అత్త.” కళ్ళు తుడుచుకుని, గంగమణి భుజం మీద చరిచింది. “ఇగ నిలవడ్డవేంది? తుడువు! పోరగాండ్లకు బడి టైమయితుంది.”

గుంటలన్నీ పొడిగుడ్డ పెట్టి తుడిచాం. కాయని ముందు చక్రం దగ్గర రాతి మీద నేను కొట్టాను. నీళ్ళు చెంబులో పట్టాను. తల్లులు పిల్లల్ని ఒళ్ళో పెట్టుకుని కారెక్కారు, నేను గంగమణి పక్కన కూర్చున్నాను. వెళ్ళేదాకా అవ్వ గేటు దగ్గర చేతులు జోడించి, ఇంజను వైపు దూరం నుంచే దండం పెట్టింది.

బాన్సువాడ దాకా, మళ్ళీ క్యాంపు దాకా, కారు ఒక్కసారి కూడా తడబడలేదు. బాన్సువాడలో ఆగి లింబాద్రికి సంగతి చెబితే తల పట్టుకున్నాడు. “రెండు దినాలు నన్ను పరేషాన్ చేసింది కొబ్బరికాయనా? పసుపును తుప్పంటినే!” నాలుగు రబ్బరు టోపీలూ కొత్తవి వేసి, “మల్ల పోస్తే మాత్రం నా కాడికి రావద్దు, పంతులు కాడికి పొండ్రి” అన్నాడు.

క్యాంపులో దిగేటప్పుడు పెద్దావిడ గంగమణి చెయ్యి పట్టుకుంది. “రేపట్నుంచి మా ఇద్దర్నీ పంపుతాను. హారన్ రెండుసార్లు కొట్టు, బయటే ఉంటారు.” మిగతా ఇద్దరూ తలలూపారు. గంగమణి స్టీరింగ్ మీద తల ఆనించి, మళ్ళీ ఎత్తి, హారన్ రెండుసార్లు కొట్టింది.

ఏలూరు చేరాక

కారు అక్కడే వదిలి, కామారెడ్డి నుంచి బస్సులో హైదరాబాదు వచ్చి ఇల్లు చేరాను. అత్తయ్య గుమ్మంలోనే అడిగింది: “ఇంజనుకి కొట్టించావా?” జరిగింది చెప్పాను. నమ్మలేదు. మర్నాడు కూడా నమ్మలేదు. మా కొత్త కారు వచ్చినప్పుడు మాత్రం కాయ చేత్తో పట్టుకుని, “ఎక్కడ కొట్టమంటావో నువ్వే చెప్పు” అని కొంచెం అలిగింది.

అవ్వ పురుడు వెళ్ళిన రోజున గంగమణి ఫోను చేసింది. గొంతులో దగ్గు కొంచెం తగ్గినట్టు అనిపించింది. అటు వైపు పిల్లల గోల.

“అక్కా, అత్త ఇయ్యాల కాయ కొట్టింది.”

“ఎక్కడ?” అన్నాను గాభరాగా.

“భయపడకు. చక్రం ముందట. నీళ్ళు పోరగాండ్లందరికీ తాపింది. ఇంజను తాగేకన్న గీళ్ళు తాగితె దేవునికి జల్ది ముడుతదట. అక్కా, జర ఆగు, బండి స్టార్ట్ జేసి ఫోను బానెట్ మీద పెడ్తున్న. ఇంటున్నవా?”

చెవి అదిమిపెట్టి విన్నాను. పిల్లలెవరో నవ్వుతున్నారు. ఎక్కడో ఆటో హారన్. ఇంజను తిరుగుతూనే ఉందా, ఆపేసిందా?

“ఏమీ వినబడట్లేదు గంగమణీ!”

“గదే గద అక్కా,” అంది ఆమె, “గదే గద.”